మూసీ కింద వరికి మురుగు ప్లాంటు మడ్డి వేయొచ్చా?

ప్రశ్న: మాది వలిగొండ మండలం. మూసీ కాలువ కింద నాలుగెకరాల వరి. పట్నంలోని మురుగు శుద్ధి ప్లాంటు మడ్డి అంటూ ట్రాక్టర్లలో తెచ్చి, పెంట ఎరువుకు బదులు వేసుకోమంటున్నారు. ధర తక్కువే. ఆరబోసి చూస్తే రంగు రంగుల దారప్పోగులు, మెరిసే ముక్కలు కనబడుతున్నయ్. శుద్ధి చేశాక కూడా ప్లాస్టిక్ ఎట్లా మిగిలింది? వేయొచ్చా?

జవాబు: వేయొద్దన్నా. ఒకసారి మడిలో కలిస్తే ఆ ప్లాస్టిక్‌ను ఏరడం ఎవరి వల్లా కాదు.

ప్లాంటులో మురుగును తినేది బ్యాక్టీరియా. అవి ముద్దలు ముద్దలుగా అడుగుకు దిగితే అదే మడ్డి. బట్టలు ఉతికినప్పుడు ఊడే పాలిస్టర్, నైలాన్ పోగులు, కవర్ల తునకలు, ఇట్లా 5 మిల్లీమీటర్ల కన్నా చిన్న ప్లాస్టిక్‌ను అవి తినలేవు కాబట్టి అది ఆ ముద్దలకే అంటుకుని కిందికి పోతుంది. అంటే నీళ్లలోంచి చాలావరకు పోయినట్టే, కానీ పోయింది మడ్డిలోకే. మీ కంటికి కనబడింది కొంతే. కావాలంటే గుప్పెడు మడ్డిని గాజు గ్లాసులో బాగా చిక్కటి ఉప్పునీళ్లలో కలిపి గంటసేపు కదపకుండా ఉంచండి. కవర్ల ముక్కలు, నైలాన్ పోగులు పైకి తేలతాయి, పాలిస్టర్, పీవీసీ (పైపుల ప్లాస్టిక్) మాత్రం బరువు కాబట్టి అడుగునే ఉంటాయి. అందుకని ఏమీ తేలకపోయినా మంచి మడ్డి అనుకోకండి.

ఇక ఆ బ్యాక్టీరియాకు ఏమవుతుందంటే, ప్లాస్టిక్ మోతాదు ఎక్కువైతే అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే రకాలు నెమ్మదించడం, పీవీసీ నుంచి ఊరే బిస్ఫినాల్-ఏ అనే రసాయనం వల్ల, మడ్డిని మురగబెట్టే మూసిన ట్యాంకుల్లో మీథేన్ గ్యాస్ తగ్గడం ప్రయోగాల్లో కనబడ్డాయి. అయితే వాటిలో చాలావరకు మామూలు మురుగులో ఉండేదానికన్నా ఎక్కువ ప్లాస్టిక్ కలిపి చూసినవే, కాబట్టి ప్లాంటు పనిచేయకపోతే తప్పంతా ప్లాస్టిక్‌దే అనలేం. నాకు ఎక్కువ భయం వేరే ఉంది. ప్లాస్టిక్ రేణువు మీద పొరలా పెరిగే బ్యాక్టీరియా, యాంటీబయోటిక్‌లను తట్టుకునే గుణాన్ని పక్కవాటికి అందిస్తుంది, ఆ రేణువే రేపు మీ పొలంలో ఉంటుంది.

మీ వరి సంగతికొస్తే, శుద్ధి సరిగ్గా జరగకపోయినా, శుద్ధి కాని మురుగు కలిసినా కాలువ నీళ్లలో అమ్మోనియా ఉంటుంది, అది యూరియా వేసినట్టే పనిచేస్తుంది. దాని మీద మీరు మామూలుగా వేసే యూరియా అంతా వేస్తే పైరు ముదురు పచ్చబడి ఏపుగా పెరిగి, సుడిదోమ పురుగు, మెడవిరుపు తెగులు, చివరికి పడిపోవడం. ఈసారి నీళ్లు, మట్టి పరీక్ష చేయించి ఆ లెక్కన తగ్గించండి, ఆకు ముదురు పచ్చగా ఉంటే చివరి దఫా యూరియా మానేయండి. కంపసాగర్, గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడిగితే దారి చూపిస్తారు.

ఎరువుకోసమైతే నాట్లకు ముందు పచ్చిరొట్ట పైరు జీలుగ చల్లి, పూతకొచ్చే వేళకు కలియదున్నండి, ఎకరానికి 10 నుంచి 12 కిలోల విత్తనం సరిపోతుంది. మడ్డి అమ్మేవాళ్లు ఏ ప్లాంటుదో చెప్పి ల్యాబ్ రిపోర్టు చూపినా, అందులో సీసం కిలోకు 100, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటలేదని ఉన్నా, కంపోస్టుకు పెట్టిన ఆ హద్దులు ప్లాస్టిక్ గురించి చెప్పేవి కావు.

ఇప్పటికే ఒక ట్రాక్టర్ దింపుకుని ఉంటే కాలువ గట్టునో బావి దగ్గరో కుప్ప పెట్టకండి, వానకు కొట్టుకుపోతుంది. పట్టా కప్పి ఉంచి, తెచ్చినవాళ్లనే తీసుకుపొమ్మనండి. దాన్ని ఉత్త చేతులతో ఎత్తొద్దు, నులిపురుగుల గుడ్లు కూడా ఉంటాయి.