తవుడు నూనె వాడితే షుగర్, కొలెస్ట్రాల్ తగ్గుతాయా?

తవుడు నూనె చెడు కొలెస్ట్రాల్‌ను కొంతవరకు తగ్గిస్తుంది కానీ, షుగర్‌కు అది మందు కాదు. అందులోని ఒరైజనాల్, స్టెరాల్స్ అనే పదార్థాలు నిర్మాణంలో కొలెస్ట్రాల్‌ను పోలి ఉంటాయి. పేగులో దానితో పోటీపడి చోటు ఆక్రమిస్తాయి కాబట్టి రక్తంలోకి చేరే కొలెస్ట్రాల్ తగ్గుతుంది. పామాయిల్ మానేసి, కూరల్లో అంతే కొలతలో తవుడు నూనె వాడితే ఈ మేలు ఉంటుంది. మంచి నూనే కదా అని పూరీలు, బజ్జీలు పెంచితే మాత్రం నష్టమే. ఏ నూనె అయినా టేబుల్ స్పూనుకు దాదాపు 120 కేలరీలు. ఒళ్లు పెరిగితే షుగర్ అదుపు తప్పుతుంది. నూనె మార్చాం కదా అని మాత్రలు ఆపేయడం మరీ ప్రమాదం. ఇక ప్యాకెట్ మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని రాయడం ప్రత్యేకతేమీ కాదు, వేరుశనగ, నువ్వుల నూనెల్లోనూ అది దాదాపు ఉండదు.