కొత్త రోడ్డు అడిగే ముందు – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఉదయం ఎనిమిదిన్నర అయ్యేసరికి కాలేజీ బస్సులు, ఆటోలు, రొయ్యల వ్యాన్లు అన్నీ ఒక్కసారే భీమవరంలోకి దిగుతున్నాయి. నాలుగు పంచాయతీల వాళ్లం కలిసి కొత్త రోడ్డుకు అర్జీ పెడదామనుకుంటున్నాం. అందులో ఏం రాయాలి? – వీరవాసరం మండలం పాఠకులు

జవాబు: ‘మాకు బైపాస్ కావాలి’ అని ఒక్క ముక్క రాసి, కింద వెయ్యి సంతకాలు పెట్టినా ఇంజినీరు చేతికి ఏమీ ఇచ్చినట్టు కాదు. ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నారో లెక్క తీసి జతచేయండి. ఆ లెక్క మీరే తీయొచ్చు.

ముందు బళ్ల సంఖ్య. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పద్ధతిలో వారం రోజులు, రాత్రింబవళ్లు, ఏడాదికి రెండుసార్లు లెక్కించాలి. ఒకటి మాసూళ్ల రోజుల్లో, రెండోది పనులు లేని రోజుల్లో. అర్జీకి అంత అక్కర్లేదు. సెలవులు లేని మూడు రోజులు, ఉదయం 7 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 8 వరకు, పావుగంటకో గడి గీసి రాస్తే చాలు. తర్వాత అన్నిటినీ కారు లెక్కలోకి మార్చాలి. మోటారు సైకిలు 0.5, ఆటో, కారు ఒక్కోటి 1, బస్సు, లారీ 3, తొట్టితో ఉన్న ట్రాక్టరు 4.5.

ఉదాహరణకు రద్దీ గంటలో 900 మోటారు సైకిళ్లు, 250 ఆటోలు, 120 కార్లు, 40 బస్సులూ లారీలూ, 10 ట్రాక్టర్లు వచ్చాయనుకోండి. 450, 250, 120, 120, 45 కలిపితే 985. రద్దీ గంటలో సాధారణంగా రోజు మొత్తంలో 8 నుంచి 10 శాతం వస్తుంది కాబట్టి రోజుకు సుమారు 10,000 నుంచి 12,000. మైదానంలో రెండు వరుసల రోడ్డుకు ప్రమాణం 15,000. అంటే ఊరి బయట రోడ్డు వెడల్పు చాలుతోంది, చిక్కంతా ఊళ్లో ఏదో ఒక ముక్కలో పడుతోంది. ఇలాంటి లెక్క పెట్టుకుని నాలుగు వరుసల రోడ్డు అడిగితే అర్జీ అక్కడే పడిపోతుంది.

అసలు తేల్చేది రెండో లెక్క. ఊరికి రెండు చివరలా ఇద్దరిద్దరు నిలబడి, వచ్చే పోయే బళ్ల నంబర్లలో చివరి నాలుగంకెలు గంటసేపు ఫోన్‌లో చదివి రికార్డు చేయండి. ఇటు చివర లోపలికి వచ్చిన నంబరు అరగంటలోపు అటు చివర బయటపడితే అది ఊరు దాటిపోయే బండి. అలాంటివి నూటికి పదో పదిహేనో ఉంటే బైపాస్ వేసినా ఊళ్లో రద్దీ పెద్దగా తగ్గదు. మిగతావన్నీ ఊళ్లోకే వచ్చేవి కదా. అప్పుడు అడగాల్సింది ఊరి చుట్టూ తిరిగే రోడ్డు కాదు, కాలేజీల వైపో మార్కెట్ వైపో వెనకనుంచి చేరే రెండో దారి. బయటినుంచి వచ్చే రద్దీకి ఇదే అసలు మందు. కానీ ఎక్కువ అర్జీలు బైపాస్ దగ్గరే ఆగిపోతున్నాయి.

గ్రామసభ తీర్మానాలు, ఈ లెక్కలు, గ్రామపటం మీద గీసిన మూడు ప్రత్యామ్నాయ మార్గాలు జతచేసి, ముందు సాధ్యాసాధ్యాల పరిశీలన మాత్రమే కోరండి. 165 జాతీయ రహదారి సంగతైతే రోడ్లు, భవనాల శాఖలోని జాతీయ రహదారుల విభాగానికి, రాష్ట్ర రోడ్లైతే అదే శాఖ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (ఈఈ)కి, పల్లె రోడ్లైతే పంచాయతీరాజ్ ఇంజినీర్లకు ఇవ్వాలి. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల వేదికలో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. ఒక ప్రతి మున్సిపాలిటీ పట్టణ ప్రణాళిక విభాగానికీ ఇవ్వండి. మాస్టర్ ప్లాన్‌లో ఆ గీత పడకపోతే, మీరు చూపిన చోట నాలుగేళ్లలో లేఅవుట్లు లేస్తాయి.

ప్రశ్న: రోడ్డు మా పొలాల మధ్యగా గీస్తే నీళ్ల సంగతేమిటి? భూమి ఎంత పోతుంది? – ఓ రైతు, ఉండి

జవాబు: డెల్టాలో రోడ్డంటే పొలాలకు అడ్డంగా వేసిన గట్టు. పైన 12 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు, వాలు రెండుకి ఒకటి అనుకుంటే అడుగున 20 మీటర్లు పడుతుంది. 25 మీటర్ల భూమి తీసుకుంటే కిలోమీటరుకు దాదాపు 6.2 ఎకరాలు. అందుకే ముందు పాత పుంతలు, అంటే పొలాల మధ్య బండి దారులు, వెతకండి. సర్వే పటంలో పోరంబోకుగా ఉన్న పుంత మీదుగా గీత నడిస్తే ఆ మేరకు పట్టా భూమి మిగులుతుంది.

గట్టు ఎత్తు నిర్ణయించేది వరద నీటి మట్టం. రోడ్డు కింద అరమీటరు మందాన గట్టిపరిచే మట్టి పొర ఉంటుంది. దాని అడుగు ఆ మట్టానికి కనీసం 0.6 మీటరు పైన ఉండాలి. దీన్ని తగ్గించి ఖర్చు మిగుల్చుకుంటే తుపానుకు నీరు నిలిచిన నెలకే గుంతలు పడతాయి.

తూముల విషయంలో మీరే దగ్గరుండాలి. పటంలో ప్రతి పంట బోదె కనపడదు. నీరు పెట్టే బోదె వేరు, మురుగు పోయే కోడు వేరు. రెండిటికీ తూము కావాలి, దాని అడుగు బోదె అడుగుతో సమంగా ఉండాలి. పది సెంటీమీటర్లు పైకి పెట్టినా ఎగువ చేలు మునుగుతాయి. మీటరు కన్నా చిన్న తూములకు ఒప్పుకోకండి. గుర్రపుడెక్క, తూటికాడ అడ్డం పడితే మనిషి లోపలికి దిగి తీయలేడు. సార్వా నీళ్లు పొలంలో ఉన్నప్పుడే సర్వే వాళ్లను గట్ల మీద నడిపించండి. వేసవిలో చూస్తే అంతా ఎండిన నేలే.

ఇక్కడి జిగురు బంకమట్టి గట్టు బరువుకు ఏళ్ల తరబడి కుంగుతుంది. నేలలోకి లోతుగా దింపిన స్తంభాల (పైల్స్) మీద నిలబడ్డ వంతెన కుంగదు. వంతెన మొదట్లో బస్సు ఎగిరిపడేది అందుకే. గట్టు ముందే పోసి, ఒక వానాకాలం పైన అదనపు మట్టి బరువు పెట్టి ఉంచి, ఆ తర్వాత తారు వేయాలి. ప్రారంభోత్సవం తొందరలో ఈ ఒక్క ఏడాదీ కోసేయొద్దని తీర్మానంలోనే రాయించండి.

భూసేకరణ 2013 చట్టం కింద అయితే, ప్రాథమిక ప్రకటన వచ్చాక అభ్యంతరాలకు 60 రోజులు. జాతీయ రహదారికి 1956 చట్టం కింద ప్రకటన ఇస్తే గడువు 21 రోజులే, ఏమరకండి. రెండు పంటల మాగాణిని రక్షించే నిబంధన రోడ్ల లాంటి పొడవాటి నిర్మాణాలకు వర్తించదు.

ప్రశ్న: కొత్త రోడ్డెందుకు, ఉన్న కాలువ గట్టునే వెడల్పు చేయొచ్చుగా? – పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: చేయొచ్చు, భూమి కలిసొస్తుంది. కాకపోతే వేసవిలో కాలువ కట్టేసినప్పుడు నీటిమట్టం చప్పున దిగిపోతుంది, గట్టులో నానిన నీరు మాత్రం అంత త్వరగా దిగదు. పక్కన ఆసరాగా ఉన్న నీరు పోవడంతో గట్టు కాలువలోకి జారి, తారు మీద పొడుగునా చీలిక వస్తుంది. ఆ చీలికకు తారు పూస్తే ఏమీ ఆగదు. కాలువ వైపు గట్టు జారకుండా ఆపే రివెట్‌మెంట్ గోడ లేకుండా వెడల్పు చేయొద్దు.

మాకు నచ్చిన మార్గం ఇంకోటుంది. కాలువకు రెండు గట్లున్నాయి. ఒక్కో గట్టు మీద 5.5 మీటర్ల రోడ్డు వేసి, ఇటునుంచి వెళ్లి అటునుంచి వచ్చేలా ఒకవైపు రాకపోకలు పెట్టొచ్చు. రెండు కిలోమీటర్లకో వంతెన, నీటి వైపు ఇనుప కంచె తప్పనిసరి. వంతెనలు దూరమైతే జనం ఎదురుగా వచ్చేస్తారు. జలవనరుల శాఖ అనుమతి ముందే కావాలి. నీటిలో పునాది పనులకు కాలువ కట్టేసే కొద్ది వారాలే వీలు. ఆ ఏడాది తప్పితే మళ్లీ వచ్చే వేసవే.

ప్రశ్న: రైల్వే గేటు దగ్గర పైవంతెన అడగొచ్చా? – పాఠకుడు, ఆకివీడు

జవాబు: గేటు మీదుగా రోజూ పోయే రైళ్లకూ బళ్లకూ రైల్వే తన పద్ధతిలో యూనిట్లు లెక్కగడుతుంది. ఆ రెండిటినీ గుణిస్తే సాధారణంగా లక్ష దాటాలి. దాటితే రైల్వే, రాష్ట్రం ఖర్చు పంచుకుని కట్టే వీలుంటుంది. వంతెన ఎత్తు 8 మీటర్లయితే, 30కి 1 వాలులో ఒక్కో వైపు 240 మీటర్ల ఏటవాలు దారి పడుతుంది. ఆ మేర రెండు పక్కలా ఉన్న దుకాణాలకు సర్వీసు రోడ్డు ముందే పటంలో గీయించండి.