లేవగానే మనసు మాట వినకు

నాన్నా,

నీ ఉత్తరం చదివాను. “రాత్రి మామూలుగానే పడుకుంటున్నా పెద్దమ్మా, పొద్దున కళ్లు తెరిచేసరికి మనసు ఎలా ఉంటుందో చెప్పలేకపోతున్నా. ఒకరోజు దుప్పటి తీయబుద్ధి కాదు. ఇంకోరోజు తెల్లారకముందే లేచి ఇల్లంతా సర్దేస్తున్నా. రేపు ఏది వస్తుందోనన్న టెన్షన్‌తో ఉన్న నిద్ర కూడా పాడవుతోంది” అన్నావు. బైపోలార్ అని డాక్టర్లు పేరు పెట్టిన ఈ జబ్బుతో నువ్వు పుట్టకముందు నుంచీ బతుకుతున్నాను. దీనితోనే ఉద్యోగం చేశాను, పిల్లల్ని పెంచాను, రిటైరయ్యాను. నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

ముందు ఒక్కటి గట్టిగా పట్టుకో. లేచిన మొదటి గంటలో మనసు చెప్పే మాట విని ఏ నిర్ణయమూ తీసుకోకు. “నా బతుకింతే” అని చెప్పినా, “ఇవాళ నాకు ఎదురులేదు” అని చెప్పినా సరే. ఆ గంటలో ఏం చేయాలో ముందు రోజు రాత్రే ఖాయమై ఉండాలి. మనసు బాగుందో లేదో చూసుకుని మంచం దిగుదామనుకుంటే చాలా రోజులు దిగలేం. ముందు దిగు, ఆ నాలుగు పనులూ కానివ్వు, మనసు సంగతి తర్వాత చూసుకుందాం.

పొద్దుటి బరువు గురించి నీకు కొంత తెలియాలి. డిప్రెషన్‌లో ఉన్న చాలామందికి తెల్లవారుజాము నుంచి పదింటి దాకా గుండె మీద బండ పెట్టినట్టు ఉంటుంది, సాయంత్రానికి కాస్త తేలికపడుతుంది. అందుకే సైకియాట్రిస్టులు “పొద్దున ఎలా ఉంటుంది, సాయంత్రం ఎలా ఉంటుంది” అని విడివిడిగా అడుగుతారు. పొద్దున ఆరింటికి కనిపించే చీకటి ఆ రోజంతా ఉండిపోతుందని లెక్క వేసుకోకు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒకసారి చూసుకో, తేడా నీకే తెలుస్తుంది.

అయితే పొద్దుటి నీరసమంతా డిప్రెషనే అనుకోవడానికీ లేదు. రాత్రి వేసుకునే క్వెటియాపిన్, ఒలాంజపిన్ లాంటి మాత్రల మత్తు ఉదయం దాకా ఉంటుంది. ఆ మత్తులో తల దిమ్ముగా, నాలుక మందంగా, కాళ్లు ఈడుస్తున్నట్టు ఉంటాయి. స్నానం చేసి ఏదో తిని కాస్త తిరిగితే తగ్గుతుంది. దిగులు అలా పోదు. ఈ రెండింటినీ వేరు చేసి నోట్ చేసుకుని డాక్టరుకు చెప్పు. రాత్రి మాత్ర ఇంకాస్త ముందు వేసుకోమనో, మోతాదు మారుద్దామనో ఆయన అంటారు. సొంతంగా మాత్రం మాత్ర మానకు, సగం చేయకు.

మూడో కారణం చాలామంది పట్టించుకోరు. నీకు లిథియం రాశారని మీ అమ్మ చెప్పింది. అది మంచి మందు. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు మేనియాకు, అంటే మనసు అదుపు తప్పి ఎగిరే దశకు, పనిచేస్తుందని రాసినప్పటి నుంచి ఇన్నేళ్లుగా నిలబడిన మందు. కానీ కొందరికి అది థైరాయిడ్‌ను మందగింపజేస్తుంది. అప్పుడు పొద్దున లేవలేకపోవడం, ఒళ్లు బరువు, ఏ పనీ తోచకపోవడం అన్నీ అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటాయి. ఆరు నెలలకోసారి థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్, కిడ్నీ పరీక్ష క్రియాటినిన్ చేయించుకో. లిథియం మోతాదు చూసే రక్త పరీక్షకు చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. రాత్రి తొమ్మిదింటికి వేసుకుంటే పొద్దున తొమ్మిదింటికి ఇచ్చి, పొద్దుటి మాత్ర ఉంటే ఆ తర్వాతే వేసుకో. మాత్ర వేసుకుని వెళితే అంకె ఎక్కువ చూపిస్తుంది, లేనిపోని కంగారు. మామూలుగా లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్ దగ్గర ఉంచుతారు, అవసరాన్ని బట్టి 1.0 దాకా పోనిస్తారు.

ఇక ఆ మొదటి గంట. లేవాల్సిన టైము ఒకటే ఉండాలి, ఆదివారమైనా పండగైనా. నీకు ఆరున్నర కుదిరితే ఆరున్నర. అలారం మంచానికి దూరంగా పెట్టు. లేవగానే కిటికీ తీసి గ్లాసు నీళ్లు తాగు, మొహం కడుక్కో, పాల ప్యాకెట్ కోసమైనా గుమ్మం దాటి ఒకసారి వెలుతురులోకి వెళ్లు. ఫోన్ తర్వాత చూడొచ్చు. ఆఫీసు మెసేజీలు, వార్తలు, ఎవరి పెళ్లి ఫొటోలో చూసి బరువున్న మనసు ఇంకా కుంగుతుంది, పరుగెత్తే మనసు ఇంకా పరుగెడుతుంది. తర్వాత ఎవరో ఒక మనిషితో రెండు మాటలు మాట్లాడు. వాచ్‌మన్ అయినా, టీ కొట్టతను అయినా, ఫోనులో మీ అమ్మ అయినా సరే.

ఆ రెండు మాటలు ఎందుకంత ముఖ్యమంటే, అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఎలెన్ ఫ్రాంక్ అనే ఆమె, తోటి వాళ్లతో కలిసి బైపోలార్ వాళ్ల దినచర్య మీదే ఒక చికిత్స తయారు చేశారు. మంచం దిగిన టైము, మొదట ఒక మనిషితో మాట్లాడిన టైము, పని మొదలుపెట్టిన టైము, రాత్రి భోజనం చేసిన టైము, పడుకున్న టైము, ఈ ఐదింటినీ రోజూ రాయిస్తారు. వాటిని ఒక తీరున ఉంచడం నేర్పిస్తారు. జబ్బు ముదిరి ఉన్నప్పుడే మందులతో పాటు ఈ చికిత్స అందినవాళ్లు మళ్లీ జబ్బు తిరగబెట్టకుండా ఎక్కువ కాలం ఉన్నారని 2005లో ప్రచురించారు. మన ఒంట్లో గడియారం తొందరగా తప్పుతుంది నాన్నా. దానికి రోజూ ఒకే టైముకు వెలుతురు, తిండి, మనిషి మాట దొరకాలి. ఐదు టైములూ ఒక నోటుపుస్తకంలో రాసుకో. పక్కనే ఆ రోజు మనసుకు ఒక అంకె వెయ్యి. మామూలుగా ఉంటే సున్నా, కుంగితే మైనస్ ఐదు దాకా, ఎగిరితే ప్లస్ ఐదు దాకా. ఇంట్లో వాళ్లు అడిగినప్పుడు కథంతా చెప్పక్కర్లేదు, “ఇవాళ మైనస్ రెండు” అంటే చాలు. మీ అమ్మకు ఈ లెక్క నేను నేర్పాను.

బొత్తిగా లేవలేని రోజుకు ఒక చిన్న దినచర్య వేరే పెట్టుకో. ఆ రోజు స్నానం లేకపోయినా కాళ్లూ మొహం కడుక్కుంటే సరిపోతుంది. ఇడ్లీ, దోసె పెట్టుకోకు, అరటిపండో, అటుకులు పెరుగులో వేసుకునో తిను. మాత్ర మాత్రం మానొద్దు. “బద్ధకం” అని ఎవరైనా అంటే వాదించకు, వాదనకు పోయే ఓపికను లేవడానికి దాచుకో.

నువ్వు భయపడాల్సింది ఈ బరువు ఉదయాల కంటే ఆ రెండో రకానికి. మూడు నాలుగు గంటలే పడుకుని, మూడింటికే మెలకువ వచ్చి, ఒళ్లంతా తేలికగా, బుర్రలో పది పనులు ఒకేసారి మొదలవుతుంటే, అలసట అన్నదే లేకపోతే, అది ఆరోగ్యం తిరిగి రావడం కాదు. నిద్ర అక్కర్లేదనిపించడం మేనియాకు తొలి గుర్తుల్లో ఒకటి. చుట్టుపక్కల వాళ్లు మాత్రం మెచ్చుకుంటారు. “బ్రాహ్మీ ముహూర్తంలో లేస్తున్నాడు, బాగుపడ్డాడు” అంటారు. వాళ్లు మంచికే అంటారు కానీ వాళ్లకు తెలియదు.

అలా మెలకువ వచ్చినప్పుడు లైటు వేయకు. పని దొరికింది కదా అని సర్దడం, రాయడం, వంట మొదలుపెట్టకు. ఆరున్నర దాకా చీకట్లోనే పడుకుని ఉండు, నిద్ర రాకపోయినా సరే. ఆ రోజు కాఫీ ఒక్క కప్పుతో ఆపు. డబ్బు పనులు, పెద్ద పెద్ద మెసేజీలు, రాజీనామా, కొత్త వ్యాపారం, పాత గొడవ తేల్చుకోవడం, అన్నీ రెండు రాత్రులు నిండా నిద్రపోయాకే. యూపీఐలో రోజువారీ పరిమితి తగ్గించుకోవడం మనసు మామూలుగా ఉన్నప్పుడే చేసి పెట్టుకో. ఒక రాత్రి నిద్ర తగ్గితే పుస్తకంలో రాయి. వరసగా రెండో రాత్రీ తగ్గితే అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకుండా డాక్టరుకు ఫోన్ చెయ్యి. ఇంకో సంగతి, కుంగిన రోజుల్లో మందుల షాపులో డిప్రెషన్ మాత్ర అడిగి తెచ్చుకోకు. మన జబ్బులో అది ఒక్కటే వేసుకుంటే మనసును మేనియాలోకి తోసే ప్రమాదం ఉంది. “బాగున్నాను కదా” అని లిథియం ఒక్కసారిగా ఆపేసినా అంతే, జబ్బు మళ్లీ జోరుగా తిరగబెడుతుంది.

ఈ రెండూ కలిసిన ఉదయం ఒకటుంటుంది. లోపల చీకటి, ఒంట్లో మాత్రం పరుగు, చిరాకు, ఒక్కచోట కూర్చోలేకపోవడం. అన్నిటికంటే ప్రమాదం అదే. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజు ఒంటరిగా ఉండకు. నాకు ఎన్ని గంటలకైనా ఫోన్ చెయ్యి, నిద్ర పాడవుతుందని మొహమాటపడకు. నేను ఎత్తకపోతే మానసిక సాయానికి ఉన్న ఫోన్ లైను టెలిమానస్‌కు, 14416కు చెయ్యి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మాత్రల స్టాకంతా నీ దగ్గర ఉంచుకోకు. వారానికి సరిపడా నీ డబ్బాలో, మిగతాది మీ అమ్మ బీరువాలో. ఇది నీమీద అపనమ్మకం కాదు, నా మాత్రలూ మీ పెదనాన్న దగ్గరే ఉంటాయి.

పొద్దున బాగుండాలంటే సగం పని ముందు రాత్రే జరగాలి. నీ నైట్ డ్యూటీ వారం నాకు అసలు నచ్చలేదు. నెలలో ఒక వారం అటూ ఇటూ తిప్పితే ఆ తర్వాత రెండు వారాల ఉదయాలు పాడవుతాయి. జబ్బు పేరు లేకుండా, “వైద్య కారణాల వల్ల స్థిరమైన పగటి షిఫ్ట్ అవసరం” అని డాక్టరు దగ్గర లెటర్ తీసుకుని హెచ్ఆర్‌కు ఇవ్వు. షిఫ్ట్ అలవెన్స్ పోతే పోనీ. శివరాత్రి జాగారం చేయకు. దేవుడికి నమస్కారం పెట్టుకుని పదింటికి పడుకో, ఆయనకు కోపం రాదు.

ఎండాకాలం లిథియంతో జాగ్రత్త. చెమట పట్టి ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే మందు రక్తంలో పేరుకుంటుంది. నీళ్లు లేని ఉపవాసాలు వద్దు, ఉప్పు ఒక్కసారిగా మానొద్దు, మజ్జిగ బాగా తాగు. ఒళ్లు నొప్పులకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ డాక్టరుకు చెప్పకుండా వేసుకోకు, అవి కూడా మందును పెంచుతాయి. చేతులు బాగా వణికినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా, మాట తడబడినా, తూలినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి లిథియం వేసుకుంటున్నానని మొదటి మాటగా చెప్పు.

డాక్టరు ఫీజులు బరువైతే హైదరాబాద్ ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థలో ఓపీ ఉంది. ఇటు విశాఖలో చినవాల్తేరు ఆసుపత్రి ఉంది. “ఎర్రగడ్డకు పంపాలి” అని జనం తిట్టుగా వాడతారు, ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. మన జబ్బును రోజూ చూసే డాక్టర్లు అక్కడ ఉంటారు, సిగ్గుపడకుండా వెళ్లు. మనసు కుదురుగా ఉన్న ఒక ఉదయం చూసి, జబ్బు ఎక్కువైతే నాకు ఏ చికిత్స చేయాలి, ఏది వద్దు, నా తరఫున ఎవరు మాట్లాడాలి అని రాసి పెట్టు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ హక్కు ఇచ్చింది. నాది రాసి ఉంది, నమూనాగా పంపుతాను.

వైశాఖంలో మీ అక్క పెళ్లి ముహూర్తం తెల్లవారుజామున మూడు దాటాక కుదిరింది. నువ్వు తప్పకుండా రావాలి, కానీ రాత్రంతా మేలుకోవద్దు. రాత్రి బస్సు ఎక్కకు, పగటి రైలుకు టికెట్ తీసుకుని ఒకరోజు ముందే దిగు. మేడ మీద వెనక గది నీకే ఉంచాను, సన్నాయి అంతగా వినపడదు. ఎనిమిదింటికే భోజనం పెట్టిస్తాను, మాత్ర వేసుకుని పదింటికి పడుకో. తలంబ్రాలకు లేపుతామని ఎవరైనా వస్తే నేను చూసుకుంటాను, మీ అక్కకు ముందే చెప్పాను. ఆరున్నరకు కాఫీ ఇచ్చి నేనే లేపుతాను, అప్పగింతలకు మా పక్కనే ఉందువుగాని. టికెట్ తారీఖు చెప్తే స్టేషన్‌కు మీ పెదనాన్న వస్తారు.

మీ పెద్దమ్మ