బుజ్జమ్మా, సెప్సిస్ రీసెర్చ్ మొదలుపెట్టే ముందు ఇది చదువు

బుజ్జమ్మా,

ఐసీయూలో సెప్సిస్ మీద, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే జబ్బు మీద, రీసెర్చ్ చేయబోతా ఉండానని నువ్వు ఫోన్లో చెప్పినప్పటినుంచి నాకు అదే ధ్యాస తల్లీ. ముప్పై ఏళ్లు కావలి, ఒంగోలు, నెల్లూరు తిరిగి జ్వరాల పేషెంట్లని చూసినోణ్ణి, ల్యాబ్ పని నాకంటే నీకే బాగా తెలుసు, కానీ మంచం దగ్గర నేర్చుకున్న సంగతి ఒకటుంది, అది నీకు చెప్పాలి.

ఒక ఏడు వానలు పడ్డాక కందుకూరు పక్కనుంచి పొగాకు కూలికి పోయే ఆమెని తీసుకొచ్చారు. ఆరు రోజుల జ్వరం, వాంతులు, ప్లేట్‌లెట్లు పడిపోయున్నాయి, అప్పుడు ఊరంతా డెంగ్యూనే కాబట్టి మేం కూడా డెంగ్యూ అనే అనుకున్నాం, మూడో రోజుకి ఆయాసం, నాలుగో రోజు వెంటిలేటర్. ఒళ్లు తుడుస్తా ఉంటే సిస్టర్ చూసింది, పావడా బొందు కట్టుకునే చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు. స్క్రబ్ టైఫస్, పొదల్లో ఉండే నల్లిలాంటి చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం, ఆ పెచ్చు కుట్టిన చోటే. దానికిచ్చే యాంటీబయాటిక్ డాక్సీసైక్లిన్ పెట్టాం గానీ అప్పటికే కిడ్నీలు పోయాయి, బతకలా. ఆ మచ్చ మొదటి రోజు కూడా అక్కడే ఉంది, నేనే బట్ట తొలగించి చూడలా. ఇప్పటికీ ఆమె మొహం నాకు గుర్తుంది.

ఇది ఎందుకు చెప్తా ఉండానంటే, మీరు సెప్సిస్ అని ఒకే పేరు పెట్టి ఒకే లిస్టులో రాసుకునే మనుషులు నిజానికి ఒక రకం కాదు. 2016లో ఇచ్చిన నిర్వచనం నీకు తెలుసు, ఇన్ఫెక్షన్‌కి ఒళ్లు అదుపు తప్పి స్పందించి దాని అవయవాలనే అది దెబ్బతీసుకోవడం. మరి వరి మళ్లో లెప్టోస్పైరా, అదే ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలోంచి వచ్చే క్రిమి, తగిలించుకున్న రైతూ, మూత్రంలో చీముతో వచ్చిన షుగర్ పేషెంటూ, ఆ పొగాకు కూలామే, ముగ్గురూ ఆ నిర్వచనంలోకి వస్తారు, అయినా ముగ్గురికీ ఒకటే మందంటే ఎట్టా కుదురుద్ది? ఇన్‌ఫ్లమేషన్‌ని, అంటే ఒళ్లు అట్టా రెచ్చిపోవడాన్ని, అణిచే మందులు ఎన్నో వచ్చి పోయాయి, యాక్టివేటెడ్ ప్రోటీన్ సి అని 2001లో అమెరికాలో పర్మిషన్ వచ్చింది, మేమంతా ఆశపడ్డాం, మళ్లీ చేసిన ట్రయల్‌లో లాభం కనపళ్లేదని 2011లో కంపెనీనే మార్కెట్‌లోంచి తీసేసింది.

కోవిడ్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ చూడు. ఇంగ్లండోళ్ల రికవరీ ట్రయల్‌లో వెంటిలేటర్ మీదున్నోళ్లకి ఆ మందు ఇస్తే 28 రోజుల్లో నూటికి 29 మంది పోయారు, ఇవ్వనోళ్లలో 41 మంది. అదే మందు ఆక్సిజన్ అవసరం లేనోళ్లకి ఇస్తే లాభం ఏం లేదు, అంకెలు నష్టం వైపే మొగ్గాయి. మందు ఒకటే, రోగం ఒకటే, ఎవరికి ఎప్పుడు అన్నదే తేడా. 2021లో మన పక్క జ్వరం వచ్చిన మొదటి రోజే స్టెరాయిడ్ మింగి షుగర్ ఆకాశానికెక్కి బ్లాక్ ఫంగస్‌తో వచ్చినోళ్లని చూసి నా కడుపు తరుక్కుపోయింది.

అందుకని నువ్వు రక్తం తీసే ట్యూబు మీద టైం రాయి. జ్వరం ఏ రోజు మొదలైంది, బయట ఆర్‌ఎంపీ దగ్గర ఏ ఇంజెక్షన్ పడింది, క్రిమిని పెంచి చూసే కల్చర్‌కి రక్తం యాంటీబయాటిక్‌కి ముందు తీశారా తర్వాతా, రక్తం తీసిందెప్పుడు, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పిందెప్పుడు. శాంపిల్ బల్ల మీద గంటలు గంటలు పడుంటే ఆ ఐఎల్-6 (ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చూపించే ప్రోటీన్) నంబర్ పేషెంట్‌ది కాదు, ట్యూబుది. ఈ పని చిన్నదని వేరేవాళ్ల మీద వదలబాక, మొదటి ఆరు నెలలు నువ్వే దగ్గరుండి రాసుకో.

ఏం కొలవాలనేది కూడా ముందే తేల్చుకో, రిజల్ట్ వచ్చాక మార్చబాక. వెల్లూరు సీఎంసీ ఆస్పత్రి వాళ్లు ముందుండి నడిపిన స్క్రబ్ టైఫస్ ట్రయల్ 2023లో వచ్చింది, దాదాపు 800 మంది పేషెంట్లు, డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఇస్తే ఒక్కోటి విడిగా ఇచ్చినదానికంటే మేలైంది, జ్వరం, కాంప్లికేషన్లు, చావు కలిపి లెక్కేస్తే. చావులు ఒక్కటే చూస్తే పెద్ద తేడా లేదు, ఆ మాట కూడా దాచకుండా రాశారు. మన దేశంలో, మన పల్లెల రోగం మీద ఇట్టాంటి పని జరగడం నాకు ఎంత గర్వమో చెప్పలేను.

ఇంకోటి, కన్సెంట్, అంటే రీసెర్చ్‌కి ఇంటోళ్ల ఒప్పుకోలు. మొగుడు వెంటిలేటర్ మీదుంటే ఐసీయూ బయట కింద కూర్చున్న పెళ్లాం చేతికి నువ్వు కాగితం ఇస్తే, డబ్బు కట్టమంటారనుకుని వేలిముద్ర వేసేస్తది. నువ్వూ పక్కన కింద కూర్చో, వద్దన్నా వైద్యం ఆగదని ముందు ఆ మాట చెప్పు, తర్వాతే రక్తం సంగతి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మీ కేస్ షీట్ ఫారం ఒకటి తీసుకురా. దాంట్లో ఒళ్లంతా బట్ట తొలగించి మచ్చ కోసం వెతికారా, ఎవరు వెతికారు, ఏ టైంకి అనే గడి లేకపోతే ఇద్దరం కూర్చుని ఆ గడి గీద్దాం.

మీ పెదనాన్న