37 ఏళ్లకు డిగ్రీ, ఆపైన బీఈడీ: గొలుసు తాకట్టు పెట్టాలా?

రావులపాలెం దగ్గర పల్లె నుంచి ఒకామె అడిగారు. వయసు 37. చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతున్నారు, జీతం ఏడు వేలు. డిగ్రీ చేసి, తర్వాత బీఈడీ చేయాలని ఉంది. కూతురు ఇంటర్ చదువుతోంది. ఫీజులకు మెడలో గొలుసు పెట్టాలా, బ్యాంకు లోను తీయాలా, ఈ వయసులో ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా అని ప్రశ్న.

డిగ్రీ కోసం మాత్రం గొలుసు తీయకండి. ఆ అవసరం రాదు. బీఈడీ దగ్గర రావచ్చు, అది కూడా నాలాగా గడువు దాటించుకుంటేనే.

మాది మార్టేరు వైపు. మా ఆయన రెండున్నర ఎకరాలు కౌలుకు చేస్తారు. నేను 34 ఏళ్లప్పుడు, 2018 జనవరిలో ఇగ్నోలో (ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, దూరవిద్య) బీఏ మొదలుపెట్టాను. అది అయ్యాక రెగ్యులర్ కాలేజీలో బీఈడీ చేశాను. ఇప్పుడు నాకు 42.

డిగ్రీ మూడేళ్లలో ఏ ఏడాది ఫీజు చూసినా మాకు ఎకరం ఊడుపుల కూలి కన్నా తక్కువే అయింది. అందుకని ఫీజు ఎంత అన్నది కాదు, ఎప్పుడు కట్టాలి అన్నదే నన్ను ఇబ్బంది పెట్టింది. మన ఇళ్లలో డబ్బు నెలనెలా రాదు కదండీ. సార్వా (వానాకాలం వరి) డబ్బు డిసెంబరులో కనబడుతుంది, దాళ్వా (రెండో పంట) డబ్బు మే నెలలో. జూలై, ఆగస్టు వచ్చేసరికి ఉన్నదంతా చేలో పోసి ఖాళీ చేతులతో కూర్చుంటాం. మొదట నేను జూలైలోనే చేరదామని బయల్దేరాను. నాట్లకు దాచిన డబ్బులోంచి తీస్తే తప్ప కుదరలేదు. మా ఆయన ఏమీ అనలేదు. మా అత్తయ్య మాత్రం "కూలోళ్లకి ఇవ్వాల్సిన డబ్బు పెట్టి పుస్తకాలు కొంటావా అమ్మాయ్" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. ఆగిపోయాను.

తర్వాత తెలిసింది, ఇగ్నోలో ఏడాదికి రెండుసార్లు చేరవచ్చని. జూలై ఒకటి, జనవరి ఒకటి. ఏ నెల బ్యాచ్‌లో చేరితే తర్వాతి ఏడాది ఫీజు కూడా ఆ సమయానికే వస్తుంది. జనవరి బ్యాచ్ పట్టుకున్నాను, మూడేళ్లూ సార్వా డబ్బుతోనే గడిచిపోయింది. ఒకటే జాగ్రత్త: ధాన్యం డబ్బు ఖాతాలో పడ్డ రోజే ఫీజుకి సరిపడా తీసి వేరే ఖాతాలో పడేసేదాన్ని. సంక్రాంతి దాకా ఉంచితే ఇంక ఆ డబ్బు ఉండదు. మన వైపు పండక్కి వచ్చే అల్లుళ్ల సంగతి మీకు నేను చెప్పాలా!

మీ ఇంట్లో కొబ్బరి ఉంటే మీ లెక్క వేరు. దింపు నెలన్నరకో రెండు నెలలకో వస్తుంది కాబట్టి జూలై అయినా తట్టుకోవచ్చు. అరటి అయితే గెలలు మార్కెట్‌కి ఎప్పుడు వెళ్తాయో చూసుకోండి. జీతం మీదే ఇల్లు నడుస్తుంటే నెలకు ఐదు వందలు బ్యాంకులో ఏడాది ఆర్డీలో వేసుకుంటే చాలు.

ఫీజు కాకుండా పరీక్ష ఫీజు పేపర్‌కి ఇంతని విడిగా ఉంటుంది. అసైన్‌మెంట్ల కాగితాలు, జిరాక్సులు, పరీక్ష రోజుల్లో బడికి వెళ్లక కోసేసే జీతం, ఇవన్నీ నేను ముందు లెక్కేసుకోలేదు. బస్సు ఛార్జీలకే చాలా పోయేది, స్టడీ సెంటర్‌కి రెండు బస్సులు మారాలి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి మీకు ఆ ఖర్చు తప్పింది. అచ్చు పుస్తకాలు వద్దు, డిజిటల్ చాలంటే ఇగ్నో ఫీజులో 15 శాతం తగ్గిస్తుంది. నేనైతే పుస్తకాలే తీసుకోమంటాను. పొయ్యి దగ్గర నిలబడి ఫోన్‌లో చదవడం నా వల్ల కాలేదు.

ఇగ్నోలో చేరకముందు నేనొక తెలివితక్కువ పని చేశాను. అది మీకు జరగకూడదని రాస్తున్నాను. టౌన్‌లో ఒక సెంటర్ ఉండేది, బయట బోర్డు మీద "ఒక్క ఏడాదిలో డిగ్రీ". లోపల కుర్చీలు, ఏసీ, గోడ మీద దేవుడి పటం, అన్నీ నమ్మేలాగే ఉన్నాయి. ఉత్తరాదిలో ఏదో విశ్వవిద్యాలయం పేరు చెప్పారు. పరీక్షల సంగతి మీకెందుకు మేడమ్, మేం చూసుకుంటాం అన్నారు. ఆ మాటకే లేచి వచ్చేయాల్సింది. పన్నెండు వేలు రెండు విడతలుగా కట్టాను. తెల్లకాగితం మీద సంతకం పెట్టి ఇచ్చారు, దాని మీద సెంటర్ పేరు కూడా లేదు. నాలుగు నెలల తర్వాత వెళ్తే బోర్డు లేదు, అక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. ఆ పన్నెండు వేలూ డ్వాక్రా లోను డబ్బు. మిగతా వాయిదాలు కట్టిన ప్రతి నెలా ఆ బోర్డు కళ్ల ముందు కనబడేది. సంఘంలో ఎవరికీ చెప్పుకోలేదు, గేదెకి పెట్టానని చెప్పాను.

ఒకటి రెండేళ్లలో డిగ్రీ ఇస్తామంటే నమ్మకండి. దూరవిద్య అయితే ఆ విశ్వవిద్యాలయానికి, ఆ కోర్సుకి, ఆ ఏడాదికి యూజీసీ (విశ్వవిద్యాలయాలను చూసే కేంద్ర సంస్థ) అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్య వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు. చూడ్డం చేతకాకపోతే మీ అమ్మాయి పది నిమిషాల్లో చూసి పెడుతుంది. ఫీజు కూడా విశ్వవిద్యాలయం సైట్‌లోనే కట్టండి, మనిషి చేతికి ఇవ్వకండి.

బీఈడీ అసలు ఖర్చు ఫీజు కాదు, పోయే జీతం. కోర్సు రెండేళ్లు. ఏడాదికి 200 పనిదినాలు, 80 శాతం హాజరు, బడుల్లో ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం ఉండాలన్నది నిబంధన. బడి ఉద్యోగం మానక తప్పదు. నా జీతం అప్పట్లో ఆరున్నర వేలు, బడి వాళ్లు ఇచ్చేది ఏడాదికి పది నెలలే. రెండేళ్లకు లక్షా ముప్పై వేలు. ఇది ఏ కాలేజీ బ్రోచర్‌లోనూ కనబడదు. సాయంత్రం వీధి అరుగు మీద పిల్లలకు ట్యూషన్లు చెప్పి అందులో సగం దాకా పూడ్చుకున్నాను. పదేళ్లుగా పాఠాలు చెబుతున్నాను కదా, దూరవిద్యలో బీఈడీ చేస్తే పోతుందని కూడా చూశాను. దానికి ముందే డీఈడీ లాంటి ఉపాధ్యాయ శిక్షణ ఉండాలి. కేవలం అనుభవం సరిపోదు.

ఇక "నాన్ అటెండింగ్" అనే మాట మీ చెవిన పడే ఉంటుంది. ఫీజు మీద ఇంకొంత కడితే కాలేజీకి రానక్కర్లేదంటారు. నన్నూ అడిగారు. హాజరు పట్టీలో దొంగ సంతకాలతో టీచరవడం నాకు నచ్చలేదు. ఆ నీతి సంగతి పక్కన పెట్టినా, ఎప్పుడైనా తనిఖీ వస్తే రెండేళ్లూ, డబ్బూ రెండూ పోతాయి.

మీరడిగిన ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి వస్తే, దూరవిద్యకు అది రాదు. రెగ్యులర్ బీఈడీకి అయితే కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉండాలి, బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాసి కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో, సీటు తెచ్చుకోవాలి. ఎడ్‌సెట్‌కి గరిష్ఠ వయసు లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి మాత్రం వయసు నిబంధన ఆ ఏడాది ఎలా ఉందో మీ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ని అడిగి రాయించుకోండి, నోటి మాట మీద వదిలేయకండి. నా విషయం చెబుతాను. ఎడ్‌సెట్‌లో ర్యాంకు బాగానే వచ్చింది. కాలేజీలు ఎంచుకుంటూ వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజుల్లో మా అత్తయ్యకి ఒంట్లో బాగోక ఆసుపత్రిలో ఉన్నాం, ఆదాయం సర్టిఫికెట్ కూడా చేతిలో లేదు. గడువు దాటిపోయింది. "ఏం కంగారు లేదు, మిగిలిన సీట్లు మేమే స్పాట్‌లో ఇస్తాం" అని కాలేజీలో గుమస్తా అన్నాడు, చేరిపోయాను. స్పాట్ అడ్మిషన్‌కి, మేనేజ్‌మెంట్ కోటాకి రీయింబర్స్‌మెంట్ ఉండదని ఆ మహానుభావుడు చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండేళ్ల ఫీజూ నా నెత్తిన పడింది. గాజులు తాకట్టు పెట్టింది అప్పుడే.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు, బాకీ తీరితే ఇస్తామన్నారు. అలా ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పిందని తర్వాత తెలిసింది. ఆ కాగితం ప్రింటు తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టాక వారంలో ఇచ్చారు.

అప్పుల సంగతి. వడ్డీ మాటలు మనల్ని మోసం చేస్తాయి. బ్యాంకు వాళ్లు చెప్పే తొమ్మిదీ పదీ ఏడాదికి. ఊళ్లో "నూటికి రెండే కదా" అంటే నెలకు, అంటే ఏడాదికి ఇరవై నాలుగు. నోటు రాసిచ్చి తెచ్చే డబ్బుతో చదువు మొదలుపెట్టకండి. చీటీ మంచిదే గాని ఆఖర్లో ఎత్తుకుంటేనే. ఇరవై మంది, నెలకు రెండు వేలు, నలభై వేల చీటీ మాది. ఫీజు గడువు ముంచుకొచ్చి నాలుగో నెలలోనే పాడుకుంటే తొమ్మిది వేలు తగ్గించుకోవాల్సి వచ్చింది. బీఈడీలో చేరడానికి రెండేళ్ల ముందే చీటీ మొదలుపెట్టండి, అప్పటికి పాట దగ్గర తొందరపడే పని ఉండదు.

బంగారం పెట్టక తప్పకపోతే బ్యాంకులోనే పెట్టండి. రెండు కాసుల గాజులు పెట్టాను. పంట మీద ఇచ్చే గోల్డు లోనుకి వడ్డీ తక్కువ అన్నారు గాని పట్టాదారు పాసుపుస్తకం అడిగారు. కౌలు రైతు దగ్గర అదెక్కడుంటుంది? మామూలు వడ్డీకే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి వడ్డీ కట్టి తిరగరాయించుకోవాలి, లేకపోతే వేలం నోటీసు వస్తుంది. నేను దాళ్వా డబ్బు వచ్చే మే నెలకి గడువు పడేలా చూసుకుని పెట్టాను. విడిపించడానికి రెండేళ్లు పట్టింది.

బ్యాంకు విద్యారుణానికి వయసు అడ్డం కాదు. నాలుగు లక్షల దాకా తాకట్టు అడగరు, పెళ్లైన వాళ్లకు భర్త సహ రుణగ్రహీతగా సంతకం పెట్టవచ్చు, చదువయ్యాక ఏడాది వరకు వాయిదాలు మొదలుకావు, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. నేను వెళ్లినప్పుడు మేనేజరు "అమ్మాయికా అమ్మా?" అని అడిగారు. నాకే అన్నాను. ఆయన నవ్వలేదు, దరఖాస్తు ఇచ్చారు. ఇంటికొచ్చి లెక్క వేసుకుంటే నాకు కావాల్సిన మొత్తానికి అంత తతంగం అక్కర్లేదనిపించి వదిలేశాను. ఇంకోటి, మీ అమ్మాయి రేపు ఇంజినీరింగో నర్సింగో అంటే ఆ లోను తనకి కావాలి. మీ ఆయన సంతకం దానికి దాచుకోండి.

అప్పు చేసే ముందు ఇది తప్పకుండా చూసుకోండి. డిగ్రీకి మూడేళ్లు, బీఈడీకి రెండేళ్లు. మీకు 42 దాటుతుంది. ప్రభుత్వ టీచర్ల నియామకానికి పెట్టే డీఎస్సీ ఉంది కదా, 2025 మెగా డీఎస్సీలో గరిష్ఠ వయసు ఓసీలకు 44, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు ఇంకో ఐదేళ్లు సడలింపు. మీరు ఓసీ అయితే ఒక్క డీఎస్సీ దొరికినా గొప్పే. పైగా మీరు చెప్పేది చిన్నపిల్లలకు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత బీఈడీతో ఎస్జీటీ (చిన్న తరగతుల ప్రభుత్వ టీచరు) పోస్టుకి కుదరదు, దానికి డీఈడీ కావాలి. డీఈడీకి ఇంటర్ చాలు, రెండేళ్లే. మీకు ఒకటి రెండు తరగతుల పిల్లలంటేనే ఇష్టమైతే ముందు ఆ దారి చూడండి. మూడేళ్ల ముందే జీతం చేతికొస్తుంది, డిగ్రీ తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు. పై తరగతులకు సోషలో తెలుగో చెప్పాలని ఉంటే డిగ్రీ, బీఈడీయే.

నేను 2025లో డీఎస్సీ రాశాను, రాలేదు. ఇప్పుడు ఇంకో ప్రైవేటు బడిలో తొమ్మిది, పది తరగతులకు సోషల్ చెబుతున్నాను. జీతం పదమూడు వేలు, ముందు దానికి రెట్టింపు. పోయిన జీతం, ఫీజులు, వడ్డీలు అన్నీ కలిపితే ఆ తేడాతో పూడడానికి నాలుగేళ్లు పడుతుంది. ప్రభుత్వోద్యోగం వస్తుందని లెక్కేసి అప్పు చేసుంటే మాత్రం ఈపాటికి మునిగేదాన్ని.

ఈ వారంలో ఒక పని చేయండి. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆధార్, బ్యాంకు పుస్తకం నాలుగూ ముందు పెట్టుకుని మీ పేరు చూడండి. నా మెమోల్లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది. బీఈడీలో చేరేటప్పుడు ఆ తేడా సరిచేయడానికి ఆధార్ సెంటర్, నోటరీ, మళ్లీ ఆధార్ సెంటర్ అంటూ మూడు వారాలు తిరిగాను. మీరు మెమోల్లో ఉన్న పేరుకే ఆధార్ మార్పించుకోండి, దానికి ఖర్చు కొద్దిపాటిదే. కుల, ఆదాయ సర్టిఫికెట్లకు దాని తర్వాతే అర్జీ పెట్టండి, లేకపోతే వాటిలో కూడా ఆధార్‌లోని అత్తింటి పేరే వచ్చి మళ్లీ మొదటికి వస్తుంది.