రాజమాత ఎలిజబెత్‌కు అమ్మమ్మ: కెరొలిన్ బర్నబీ

బ్రిటన్ రాజమాత ఎలిజబెత్‌ (రెండవ ఎలిజబెత్ రాణికి తల్లి) అమ్మమ్మ ఎవరు, ఆమె కూడా రాజవంశంలోనే పుట్టిందా అని అడిగారు. రాజవంశంలో పుట్టలేదు. ఆమె పేరు కెరొలిన్ లూయిసా బర్నబీ. 1832లో, లెస్టర్‌షైర్‌లోని బాగ్రేవ్ హాల్ భూస్వాముల కుటుంబంలో, ఏ బిరుదూ లేకుండా పుట్టింది. నేటి రాజు మూడవ చార్లెస్‌కు ఆమె అమ్మమ్మకు అమ్మమ్మ. ఇద్దరికీ నడుమ ఉన్నవారంతా స్త్రీలే.

నేను లండన్ నైరుతి శివారులో నివసించిన రోజులలో పీటర్షమ్ గ్రామంలోని సెయింట్ పీటర్స్ చర్చికి తరచుగా వెళ్లేవాణ్ణి. ఆ చిన్న ఇటుకల చర్చిలోనే 1881లో రాజమాత తల్లిదండ్రుల వివాహం జరిగిందని తెలిసిన తరువాత, పెళ్లికూతురి తల్లి ఎవరో తెలుసుకోవాలని వంశావళి గ్రంథాలు తిరగేశాను. తండ్రి పేరు కింద కుమార్తెగా, మొదటి భర్త కింద రెండవ భార్యగా, ఆ తరువాత శ్రీమతి స్కాట్‌గా ఆమె ముక్కలు ముక్కలుగా కనిపించింది. మా అమ్మ తరపు వంశవృక్షం రాయబోయినప్పుడు కూడా నాకు ఇదే ఎదురైంది: ఇంటిపేరు మారిన చోటల్లా ఆడవారి జాడ తెగిపోతుంది.

కెరొలిన్ 1859లో చార్లెస్ కావెండిష్-బెంటింక్ అనే పాద్రీని పెళ్లాడింది. ఆయన పోర్ట్‌లాండ్ డ్యూకుల వంశీకుడు. మన చరిత్రతోనూ ఆ కుటుంబానికి గట్టి సంబంధమే ఉంది: మద్రాసు గవర్నరుగా పనిచేసి, తరువాత గవర్నర్ జనరల్‌గా 1829లో సతీసహగమనాన్ని నిషేధించిన విలియం బెంటింక్ ఆయనకు పెదనాన్న, 1800లో నిజాం నుంచి దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చినప్పుడు గవర్నర్ జనరల్‌గా ఉన్న వెలస్లీ ఆయన తల్లికి తండ్రి.

చార్లెస్ మొదటి భార్య సినెటా లాంబోర్న్, ఆక్స్‌ఫర్డ్ దగ్గరి గుర్రాల వ్యాపారి కుమార్తె, తల్లి వైపు నుంచి రోమానీ (యూరప్‌లోని జిప్సీ జాతి) సంతతి. ఆమె 1850లో మరణించింది. ఆ పెళ్లి వలన బతికి బట్టకట్టిన సంతానం లేదు. రాజమాతలో రోమానీ రక్తం ఉందని కొందరు రాస్తుంటారు గాని, రాజమాత తల్లి సెసీలియా రెండవ భార్య కెరొలిన్‌కు 1862లో పుట్టిన బిడ్డ కనుక ఆ మాట నిలవదు. నన్ను కదిలించినది మరొకటి. 1864లో కెరొలిన్‌కు కవల ఆడపిల్లలు పుట్టగా, వారిలో ఒకరికి హయసింత్ సినెటా అని పేరు పెట్టారు. మొదటిది భర్త అమ్మమ్మ పేరు, రెండవది ఆయన మొదటి భార్య పేరు. పోయిన సవతి పేరును తన బిడ్డకు ఉంచనిచ్చిన ఆ ఇల్లాలి మనసు చాలా పెద్దదని నేను నమ్ముతాను.

1865లో భర్త పోయే నాటికి పెద్దమ్మాయికి మూడేళ్లు నిండలేదు, కవలలు చంటిపిల్లలు. ఈ ముగ్గురిలో ఒక్కరు మగబిడ్డ అయి ఉన్నా, 1879లో అయిదవ డ్యూక్ సంతానం లేకుండా మరణించినప్పుడు పోర్ట్‌లాండ్ డ్యూక్ పదవి కెరొలిన్ కొడుకుకే దక్కేది. ఆడపిల్లలకు ఆ హక్కు లేదు కనుక అది మరిది కొడుకుకు పోయింది.

1870లో ఆమె స్కాట్లాండుకు చెందిన హ్యారీ వారెన్ స్కాట్‌ను మారుపెళ్లి చేసుకొని, పీటర్షమ్ పక్కనున్న హామ్‌లో ఫోర్బ్స్ హౌస్‌లో కాపురముంది. సెసీలియా పెళ్లి పీటర్షమ్‌లో జరగడానికి ఇదే కారణం. వరుడు క్లాడ్ బోస్-లయన్ తరువాత స్ట్రాత్‌మోర్ ప్రభువయ్యాడు. వారి పదిమంది పిల్లలలో తొమ్మిదవది 1900లో పుట్టిన ఎలిజబెత్. 1889లో మళ్లీ వితంతువైన కెరొలిన్ ఇటలీలో చాలాకాలం గడిపింది. ఫ్లోరెన్స్‌లో ఆమె విల్లా కప్పోనీకి చిన్నారి ఎలిజబెత్ వెళ్లి అమ్మమ్మ దగ్గర ఉండేది. కెరొలిన్ 1918లో మరణించింది. ఆ మనవరాలు 1923లో యార్క్ డ్యూక్‌ను (తరువాతి ఆరవ జార్జి రాజును) పెళ్లాడి, 1937లో రాణిగా పట్టాభిషేకం పొందింది. దానిని కళ్లారా చూసే భాగ్యం తల్లి సెసీలియాకు దక్కింది.