వలస కూలీలకు, పేదలకు హైదరాబాద్ లాంటి నగరంలో చోటు ఉండాలంటే ఏం చేయాలి?

నేను బిల్డింగ్ పనుల్లో సూపర్‌వైజర్‌ని. కూకట్‌పల్లి వైపు, రోజు కూలీలు పని కోసం నిలబడే అడ్డా మీద నుంచి మనుషులను తెచ్చుకోవడం నా పనిలో భాగం. ఒకప్పుడు నా దగ్గర అంతా పాలమూరు, శ్రీకాకుళం వాళ్లే. ఇప్పుడు ఒడిశా, బిహార్ వాళ్లు ఎక్కువ. చూసింది చెప్తాను.

చోటు అనగానే అందరూ సొంతింటి గురించే మాట్లాడతారు. నగరం చివర కొల్లూరులో ప్రభుత్వం పేదల కోసం 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టి 2023లో ప్రారంభించింది. మంచిదే. కానీ పొద్దున్నే అడ్డా మీద కనబడకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. అలాంటి మనిషికి ఊరి చివర సొంతిల్లు కన్నా నడిచి వెళ్లేంత దూరంలో అద్దె గది ముఖ్యం. ఆ గదుల సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. మా సెంట్రింగ్ కుర్రాళ్లు ఒక్క గదిలో ఎనిమిది మంది ఉంటారు. అద్దె గదికి కాదు, తలకింత. ఓనరు తెల్లవారుజామున అరగంట మోటారు వేస్తాడు, ఆలోపే బకెట్లు, డ్రమ్ములు నింపుకోవాలి. అగ్రిమెంట్ అడిగితే గది ఖాళీ చేయమంటాడు. అది లేకపోతే అడ్రస్ ప్రూఫ్ లేదు, గ్యాస్ కనెక్షన్ రాదు. బ్లాకులో కిలో లెక్కన నింపించుకుంటున్నారు. ఐదు కిలోల ఛోటూ సిలిండర్‌కు అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదని, గుర్తింపు కార్డు చాలని వాళ్లలో ఒక్కడికీ తెలియదు.

రేషన్‌దీ అదే కథ. వేరే రాష్ట్రం కార్డు మీద బియ్యం తీసుకునే పద్ధతి 2019 ఆగస్టులో మొదట మన రెండు తెలుగు రాష్ట్రాల మధ్య కూడా పెట్టారు, తర్వాత దేశమంతా వచ్చింది. కూలీ తన వాటా ఇక్కడ వేలిముద్ర వేసి తీసుకోవచ్చు, మిగతాది ఊళ్లో ఇంటివాళ్లు తీసుకోవచ్చు. మా దగ్గర ఒక డీలరు "ఇది ఇక్కడి కార్డు కాదు పో" అన్నాడు. నేను వెంట వెళ్తే మాత్రం మిషన్ పనిచేసింది!

ఆడకూలీల కష్టం ఇంకా వేరు. చుట్టుపక్కల బాత్రూం లేదని అడ్డా మీద పొద్దున్నుంచి మంచినీళ్లే ముట్టరు. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణ ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, ఒకే సైట్లో ఇటుకలు మోసే ఇద్దరిలో మహబూబ్‌నగర్ ఆమెకు జీరో టికెట్, ఒడిశా ఆమెకు డబ్బులు. నగరంలోని క్యాంటీన్లలో ఐదు రూపాయల భోజనం మాత్రం ఏ కార్డూ అడగకుండా పెడతారు. మిగతావన్నీ అలా ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు.

మీరు ఇల్లు కట్టిస్తుంటే ఒక పని మీ చేతిలోనే ఉంది. ఇంటి ఖర్చు చట్టం పెట్టిన పరిమితి దాటితే అందులో 1 శాతం కార్మికుల సంక్షేమ సెస్సు మీరే కడతారు. ఆ డబ్బుతో ఇచ్చే ప్రమాద సాయం, ప్రసూతి సాయం కూలీకి అందాలంటే ముందు అతని పేరు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. అందుకు ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినట్టు కాగితం చూపించాలి. రోజుకో సైట్లో చేసేవాడికి ఎవరు రాసిస్తారు? లేబర్ ఆఫీసు వాళ్లు అప్పుడప్పుడు అడ్డా మీదే టేబుల్ వేసుకుని కూర్చుంటే సగం తలనొప్పి తీరుతుంది. ఈలోపు మీ ఇంటి పనిలో మూడు నెలలు ఉన్నవాళ్లకైనా ఆ కాగితం మీద మేస్త్రితో సంతకం పెట్టించండి. రేపేదైనా కేసు మెడకు చుట్టుకుంటుందని మేస్త్రి నసుగుతాడు. ఫైనల్ బిల్లు ఇచ్చే ముందు అడగండి, పెడతాడు.